తల పగిలే ప్రశ్న

చందమామ చదివి వినిపించేటప్పుడు మా అక్క అరచెయ్యి ఒకచోట కదలకుండా ఉండేది. బేతాళ కథ ఆఖరి పేజీలో రాజు జవాబు మొదలయ్యే చోట. బేతాళుడు ప్రశ్న వేసేదాకా గడగడా చదివేసి, చెయ్యి అక్కడ కప్పెట్టి, "ఊఁ, ఇప్పుడు చెప్పండి" అనేది. వేసవి సెలవులు. పెద్దవాళ్లు కునుకు తీసే మధ్యాహ్నం వేళ. అరుగు మీద నలుగురైదుగురు పిల్లలం. ఒకడు ఒకటంటే ఇంకొకడు కాదనేవాడు, మాటామాటా పెరిగేది. "గోల చెయ్యకండర్రా" అని లోపల్నుంచి నాయనమ్మ కసిరాక గానీ అక్క చెయ్యి తీసేది కాదు. తీసి చదివితే, రాజు చెప్పింది మా ఎవరి మాటా కాకుండా పోయేది చాలాసార్లు. అయినా ఓడిపోయామన్న బాధ ఉండేది కాదు. "అవును కదా, ఇది తట్టలేదే!" అనిపించేది.

ఆ "అవును కదా" వెనక ఉన్న పనితనం గురించే ఈ వ్యాసం. నీతికథలు మనకు కొదవలేదు. కథ చెప్పి, చివర నీతి చెప్పి, పిల్లవాణ్ని తల ఊపమనే కథలు బోలెడు. బేతాళ కథ పిల్లవాణ్ని తల ఊపమనదు, న్యాయం చెప్పమంటుంది. పదేళ్ల పిల్లవాణ్ని న్యాయాధికారి పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఒక చిక్కు వ్యవహారం పడేసి, జవాబు కోసం ఎదురుచూస్తుంది. పిల్లలకు ఇంతటి మర్యాద ఇచ్చిన కథలు నాకు మరి కనబడలేదు.

పండులో మణి

ఈ కథలకు దాదాపు వెయ్యేళ్ల వయసుంది. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు, అనంతరాజు భార్య సూర్యవతీదేవి వినోదం కోసం కథాసరిత్సాగరం రాశాడు. అందులో శశాంకవతీ లంబకం అనే భాగంలో ఈ బేతాళ కథలున్నాయి. తన గ్రంథానికి మూలం గుణాఢ్యుడు పైశాచీ భాషలో చెప్పిన బృహత్కథ అని సోమదేవుడే చెప్పుకున్నాడు. ఆ గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని ఐతిహ్యం. సోమదేవుడి కథలో రాజు పేరు త్రివిక్రమసేనుడు, అతని ఊరు గోదావరి ఒడ్డునున్న ప్రతిష్ఠానం. ఉజ్జయిని విక్రమార్కుడిగా మనం ఎరిగిన ఈ రాజు, కాశ్మీరీ కవి చెప్పినదాని ప్రకారం, మన గోదావరి నీళ్లు తాగినవాడన్నమాట.

కథ ఎత్తుగడ ఇది. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజు చేతికి ఒక పండు ఇచ్చి వెళ్తుంటాడు. రాజు దాన్ని పక్కనున్న కోశాధికారికి ఇచ్చేస్తుంటాడు. పదేళ్లు ఇలాగే జరుగుతుంది. ఒకనాడు కాపలావాళ్ల చేతిలోంచి తప్పించుకుని వచ్చిన కోతిపిల్ల చేతికి రాజు ఆ పండు ఇస్తాడు. అది కొరకగానే పండులోంచి వెలలేని మణి జారి కింద పడుతుంది. పాత పండ్లేవని రాజు అడుగుతాడు. వాటిని రోజూ కిటికీలోంచి భాండాగారంలోకి విసిరేశానని కోశాధికారి చెప్పి, వెళ్లి తలుపు తీసి చూస్తే పండ్లన్నీ కుళ్లి మట్టిలో కలిసిపోయాయి. మణులు మాత్రం రాశిగా మెరుస్తున్నాయి.

నాకు తెలిసినంతలో, కథలో నీతి ఎలా ఉండాలో ఇంత చక్కగా చూపిన బొమ్మ మరొకటి లేదు. పండు రుచి కోసం. మణి లోపల. చేతికిచ్చినవాడు మణి ఉందని చెప్పడు. అందుకున్నవాడు పండనే అనుకుంటాడు. పదేళ్లకు పండు కుళ్లినా మణి కుళ్లదు. చిన్నప్పుడు చదివిన బేతాళ కథల్లో పేర్లు, ఊళ్లు, సంఘటనలు నాకిప్పుడు గుర్తులేవు. వాటిలోంచి రాలిన ఆలోచనలు మాత్రం ఇప్పటికీ ఏదో తగవు తీర్చాల్సి వచ్చినప్పుడు మనసులో తళుక్కుమంటాయి.

మణికి మూల్యంగా భిక్షువు సాయం అడుగుతాడు. కృష్ణ చతుర్దశి రాత్రి శ్మశానానికి రావాలి, శింశుపా వృక్షానికి వేలాడుతున్న శవాన్ని తేవాలి. శవంలో బేతాళుడున్నాడు. దారి గడవడానికంటూ కథ మొదలుపెడతాడు.

రెండు షరతుల బిగింపు

పనితనం అసలు ఇక్కడుంది. బేతాళుడి ఆటకు రెండే నియమాలు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెప్తే మౌనం చెడి, శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క నియమమే ఉంటే కథ నడవదు. చెప్పకపోతే తల పగులుతుందని మాత్రమే ఉంటే, రాజు చెప్పేసి శవాన్ని మోసుకుపోతాడు. మాట్లాడితే శవం పోతుందని మాత్రమే ఉంటే, నోరు కట్టుకుని నడిచి పోతాడు. రెండూ కలిసేసరికి గొప్ప బోను తయారైంది. తెలివైనవాడు అందులోంచి బయటపడలేడు. ఎంత తెలిస్తే అంత బిగుసుకుంటుంది.

ఈ బిగింపులోనే మొదటి పాఠం దాగుంది, దాన్ని ఏ పాత్రా నోరు విప్పి చెప్పదు. తెలిసినవాడు తెలిసినది చెప్పి తీరాలి. తగవు జరిగినచోట న్యాయమేదో తెలిసి కూడా "నాకెందుకులే" అని తప్పుకునేవాడి తల పగలాలంటాడు బేతాళుడు. ఊళ్లో నలుగురు పెద్దలు కూర్చున్న చోట, ఆఫీసులో, ఇంట్లో, మనం ఎన్నిసార్లు తెలిసీ మౌనంగా ఉండిపోతామో తలుచుకుంటే ఈ నియమం ఎంత కఠినమో అర్థమవుతుంది. పిల్లవాడికి ఇది పాఠంగా అందదు. ఆట నియమంగా అందుతుంది. ఆట నియమాన్ని పిల్లలు ఎంత నిష్ఠగా పాటిస్తారో గోళీలాడే పిల్లల్ని అడిగితే చెప్తారు.

రెండో పాఠం ఇంకా లోతైనది. బడిలో సరైన జవాబు చెప్తే మార్కులు పడతాయి. ఇక్కడ సరైన జవాబు చెప్తే చేసిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. చీకట్లో శ్మశానం దాటి, చెట్టెక్కి, శవాన్ని దించి, భుజాన వేసుకుని నడిచి, ఒక్క నిజం చెప్పినందుకు మళ్లీ మొదటికి. సోమదేవుడి లెక్కలో 23 సార్లు రాజు గెలిచాడు, 23 సార్లూ ఓడాడు. ఒక్కసారి కూడా విసుక్కోడు. "పోనీ ఈసారి తప్పు చెప్తాను" అనుకోడు. పట్టువదలని విక్రమార్కుడని మనం మాట వరసకు అంటాం, మొండివాణ్ని చూసి కూడా అంటాం. ఆ పట్టు మొండితనం కాదు. నిజం చెప్పడానికి అయ్యే ఖర్చును ప్రతిసారీ కిమ్మనకుండా కట్టడం.

ఎవరికి భార్య?

ఇప్పుడు ఒక కథను దగ్గరగా చూద్దాం. అగ్నిస్వామి అనే బ్రాహ్మణుడి కూతురు మందారవతి. ముగ్గురు యువకులు ఆమెను కోరి వచ్చారు. ఎవరికిచ్చినా మిగిలిన ఇద్దరూ బతకమంటారు. తండ్రి తేల్చేలోపే పిల్ల జ్వరం తగిలి చనిపోయింది. ముగ్గురూ దహనం చేశారు. ఒకడు అక్కడే గుడిసె వేసుకుని ఆమె బూడిద మీద పడుకుంటూ, అడుక్కుతింటూ ఉండిపోయాడు. రెండోవాడు అస్థికలు తీసుకుని గంగకు వెళ్లాడు. మూడోవాడు సన్యాసియై దేశాలు పట్టి తిరిగాడు. తిరుగుతూ ఒక ఇంట భోజనానికి కూర్చున్నాడు. ఇల్లాలు ఏడుస్తున్న పసిబిడ్డను విసుగుతో నిప్పుల్లో పడేస్తే, ఇంటాయన మంత్రం చదివి బిడ్డను బతికించాడు. సన్యాసి రాత్రి ఆ మంత్రాల పుస్తకం దొంగిలించి శ్మశానానికి పరుగెత్తుకొచ్చాడు. రెండోవాడూ గంగలో మునిగి తిరిగొచ్చాడు. మంత్రం చదివితే మందారవతి మునుపటికంటే అందంగా లేచి కూర్చుంది. ముగ్గురూ మళ్లీ తగవుకు దిగారు. ఆమె ఎవరికి భార్య కావాలి?

అక్క చెయ్యి కప్పిన ఆ క్షణంలో మేమంతా ఒకే గొంతుతో "బతికించినవాడికే!" అన్నాం. ఎవరైనా అదే అంటారు. కథ కూడా మనల్ని అటే తోస్తుంది. మంత్రం పుస్తకం, దొంగతనం, పరుగు, ఉత్కంఠంతా మూడోవాడి వైపే పోసింది. బూడిద మీద పడుకున్నవాడికి ఒక్క వాక్యమే ఇచ్చింది. అది కావాలని చేసిన పనే.

రాజు మూడు పనుల్నీ విప్పి చూస్తాడు. ప్రాణం పోసినవాడు తండ్రి చేసే పని చేశాడు. అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకు చేయవలసింది చేశాడు. ఆమె బూడిదను విడవకుండా అంటిపెట్టుకున్నవాడే భర్తలా మెలిగాడు. కాబట్టి ఆమె అతనికే.

ఈ తీర్పులో ఎవరి పని గొప్పదన్న మాటే లేదు. ఏ పని ఏ బంధానికి చెందుతుందో చూశాడు. మేలు పెద్దదైనంత మాత్రాన అడిగినదల్లా పొందే హక్కు రాదని తేల్చాడు. నేను నీకింత చేశాను కాబట్టి నువ్వు నాకు దక్కాలి అనేవాడికి ఇంతకంటే గట్టి జవాబు ఎక్కడుంది? ఈ మాటను నీతివాక్యంగా రాసిస్తే పిల్లవాడు మర్నాటికి మరిచిపోతాడు. ముందు తప్పు తీర్పు తానే చెప్పి, ఆ వెంటనే సరైన తీర్పు విన్నాడు కనుక మరిచిపోలేడు. బేతాళ కథ మనతో ముందు తప్పటడుగు వేయిస్తుంది.

ఒకే సింహం, రెండు కథలు

పనితనం తేడా తెలియాలంటే ఒకే కథను ఇద్దరు పనివాళ్ల చేతిలో చూడాలి. చచ్చిన సింహాన్ని బతికించిన చదువరుల కథ పంచతంత్రంలోనూ ఉంది, బేతాళ కథల్లోనూ ఉంది.

పంచతంత్రంలో నలుగురు మిత్రులు. ముగ్గురికి చదువుంది, లోకజ్ఞానం లేదు. నాలుగోవాడికి చదువు లేదు, బుద్ధి ఉంది. ఒకడు ఎముకలు కూర్చాడు, ఒకడు చర్మం, మాంసం, రక్తం చేర్చాడు, మూడోవాడు ప్రాణం పోయబోతుంటే నాలుగోవాడు "ఆగండి, ఇది సింహం" అని హెచ్చరించి, వినకపోయేసరికి చెట్టెక్కాడు. సింహం ముగ్గుర్నీ చంపింది. చదువుకంటే బుద్ధి మేలు. చక్కటి కథ, చక్కటి నీతి. ఇక మాట్లాడటానికేమీ మిగల్లేదు.

సోమదేవుడి కథలో చెట్టెక్కినవాడు లేడు. నలుగురు అన్నదమ్ములు, నలుగురికీ తలో విద్య. ఒకడు అడవిలో దొరికిన ఎముక ముక్కకు మాంసం కల్పించాడు. ఒకడు చర్మం, జూలు కల్పించాడు. ఒకడు అవయవాలన్నీ పూర్తిచేశాడు. నాలుగోవాడు ప్రాణం పోశాడు. సింహం నలుగుర్నీ మింగింది. బేతాళుడి ప్రశ్న: ఈ చావుల పాపం ఎవరిది?

హెచ్చరించేవాడు లేకపోవడం ఎంత తేడా తెచ్చిందో గమనించండి. బుద్ధిమంతుడు కథలో ఉంటే మనం అతని పక్క చేరి సుఖంగా చెట్టెక్కేస్తాం. అతను లేకపోయేసరికి మనం ఆ నలుగురిలోనే నిలబడి పాపం పంచుకోవాల్సి వచ్చింది. "నలుగురిదీ" అని తప్పించుకుందామంటే రాజు ఒప్పుకోడు. ప్రాణం పోసినవాడిదే అంటాడు. మిగిలినవాళ్లు తమ చేతిలో ఏ జంతువు తయారవుతోందో తెలియక తమ విద్య చూపించారు. నాలుగోవాడి ముందు సింహం పూర్తి రూపంతో పడుంది. అదేమిటో చూసి కూడా విద్య ప్రదర్శించాలన్న ఆత్రంతో ఊపిరి ఊదాడు. బాధ్యత అంటే ఇదీ. ఎవరు ఎంత పని చేశారన్నది కొలత కాదు, ఏ క్షణంలో ఎవరికి ఎంత కనబడుతోందన్నది కొలత. పదిమంది తలో ముక్కా చేసి పెద్ద యంత్రాలు తయారుచేసే ఈ కాలంలో ఆ తీర్పును ప్రతి ప్రయోగశాల గోడ మీదా రాసిపెట్టుకోవచ్చు.

అన్ని కథలూ ఇలా ఇప్పటి మనసుకు ఇమడవు. వీరవరుడి కథనే చూడండి. శూద్రక మహారాజు ఆయుష్షు కోసం, రోజుకు 500 దీనారాల జీతం పుచ్చుకునే వీరవరుడు కన్నకొడుకును చండికి బలిస్తాడు. కూతురు ఆ దుఃఖంతో చనిపోతుంది. భార్య చితిలో దూకుతుంది. తనూ తల నరుక్కుంటాడు. చాటునుంచి అంతా చూసిన రాజు, ఇలాంటివాడు పోయాక నా బతుకెందుకని కత్తి ఎత్తేసరికి దేవి మెచ్చి అందర్నీ బతికిస్తుంది. పసివాడి బలి మనకు మింగుడు పడదు, పడకూడదు కూడా. ప్రశ్న మాత్రం మళ్లీ మణే: వీళ్లలో గొప్పవాడెవరు? శూద్రకుడని విక్రమార్కుడి జవాబు. ఏలికకోసం ప్రాణమివ్వడం సేవకుల కులధర్మంగా చెల్లిపోయే లోకంలో, సేవకుడి కోసం ప్రాణమివ్వబోయిన ఏలిక అరుదు. ఇచ్చిన దానితో పాటు, ఇవ్వకపోయినా అడిగేవాడు లేడన్న సంగతిని కూడా తూకంలో వేశాడు రాజు.

చందమామ చేతిలో

సోమదేవుడి కథలు ఇరవై నాలుగు, ముగింపుతో కలిపి ఇరవై ఐదు. అందుకే వాటికి బేతాళ పంచవింశతి అని పేరు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామకు అవి ఎంతకాలం సరిపోతాయి? నెలకొకటి చొప్పున వేస్తే రెండేళ్లు. కానీ చందమామ బేతాళుడు దశాబ్దాల తరబడి రాజు భుజమెక్కాడు, తెలుగుతో పాటు పలు భాషల్లో ఎక్కాడు. అంటే చట్రం మాత్రమే పాతది. లోపలి కథలు చాలావరకు కొత్తగా పుట్టించాల్సిందే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, ఆ చట్రాన్ని ఒక కొలిమిలా వాడుకున్నారు. ఎక్కడెక్కడి కథలో ఆ కొలిమిలో పడి, చిన్న వాక్యాల తేట తెలుగై, చివర ఒక చిక్కుముడితో బయటికొచ్చేవి.

చందమామ ఈ చట్రానికి ఒక కీలు కొత్తగా అమర్చింది. కథ మొదలెట్టేముందు బేతాళుడు రాజును ఓ మాట పొడుస్తాడు. ఇంత అపరాత్రి ఎవరికోసం పాటుపడుతున్నావు, ఫలితం చేతికొచ్చాక ఫలానావాడిలా జారవిడుచుకుంటావేమో అని. ఆ ఫలానావాడి కథే ఆ నెల కథ. దీనివల్ల కథ ఊరికే కాలక్షేపం కాకుండా రాజు బతుకుకే అద్దమవుతుంది.

ఈ అమరిక ఎలా పనిచేస్తుందో చూపడానికి ఒక చిన్న కథ నేనే అల్లుతాను.

"రాజా, నీ శ్రమకు దక్కిన ఫలాన్ని తెలివితక్కువగా పంచిపెట్టేస్తావేమో" అని బేతాళుడు మొదలెట్టాడనుకోండి. ఒక ఊళ్లో నీటికరువు. బావి తవ్వి నీళ్లు పడేట్టు చేసినవాడికి వంద వరహాలిస్తానని జమీందారు చాటించాడు. ఒకడొచ్చి ఆర్నెల్లు కష్టపడి పది నిలువుల లోతు తవ్వాడు. తడి తగల్లేదు. తలవంచుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకొకడొచ్చి అదే గోతిలో దిగి రెండు మూరలు తవ్వేసరికి నీరు ఉబికింది. వంద వరహాలూ అతనికిచ్చారు. అతను వెతుక్కుంటూ పోయి మొదటివాడి చేతిలో తొంభై ఐదు పెట్టి, ఐదు తాను ఉంచుకున్నాడు. ఊరంతా అతని దాతృత్వాన్ని పొగిడింది. మొదటివాడు మాత్రం డబ్బు లెక్కపెట్టుకుని మొలలో దోపుకున్నాడు గానీ దణ్ణం పెట్టలేదు, మాట వరసకైనా మెచ్చుకోలేదు. ఇచ్చినవాడికి అందుకు చీమ కుట్టినట్టైనా లేదు. రాజా, పుచ్చుకున్నవాడు కృతఘ్నుడు కాడా? ఇచ్చినవాడు వెర్రివాడు కాడా?

చెయ్యి కప్పి ఒక్క నిమిషం ఆగండి.

రాజు ఇలా అనవచ్చు: "ఇద్దరూ బుద్ధిమంతులే. రెండోవాడు ఇచ్చింది దానం కాదు, బాకీ. రెండు మూరల కూలి తాను ఉంచుకుని, పది నిలువుల కూలి దాని సొంతదారుకు చేర్చాడు. బాకీ తీర్చినవాడు కృతజ్ఞత ఆశించడు. ఆ సంగతి మొదటివాడికీ తెలుసు. అతను చేతులు జోడించి ఉంటే తన ఆర్నెల్ల కష్టాన్ని తానే భిక్షగా మార్చుకున్నవాడయ్యేవాడు. తెలియంది ఊరికే."

కీళ్లన్నీ ఎక్కడున్నాయో ఇప్పుడు కనబడతాయి. కథ పైకి ఒక తప్పుడు ముగింపుతో ఆగాలి. ఊరి నోట ఒక తేలిక అభిప్రాయం పలకాలి. ఒక పాత్ర వింతగా ప్రవర్తించాలి. జవాబుకు కావలసిన ఆధారమంతా కథలోనే ఉండాలి, రాజు జేబులోంచి కొత్త సంగతి తీయకూడదు. పది నిలువులూ రెండు మూరలూ కథలో ముందే చెప్పాను కాబట్టే తొంభై ఐదు, ఐదు లెక్క నిలబడింది. అన్నిటికీ మించి, జవాబు విన్నాక అప్పటిదాకా చిన్నచూపు చూసిన మనిషి మీద గౌరవం పుట్టాలి. ఎదుటి మనిషి ప్రవర్తన వింతగా ఉంటే "వీడెంత చెడ్డవాడు" అనుకోబోయేముందు "నాకు కనబడని కారణం ఏముందో" అని ఆగడం. బేతాళ కథలు నెలనెలా తెలుగు పిల్లలకు మప్పిన అలవాటు ఇది.

ఎత్తిన కత్తి

చట్రం గురించి చెప్పి బొమ్మ గురించి చెప్పకపోతే పాపం. 1952లో చందమామలో చేరిన శంకర్ గీసిన విక్రమార్కుడు మన కళ్లలో అచ్చుపడిపోయాడు. ఒక భుజాన వేలాడే శవం, చేతిలో దూసిన కత్తి, బలమైన అడుగు, చుట్టూ శ్మశానపు చీకటి. శంకర్ 2020లో కన్నుమూశారు. ఆ బొమ్మ చూడగానే ఏ భాష పాఠకుడైనా "మళ్లీ మొదలు" అనుకునేవాడు.

ఆ కత్తిని చాలాకాలం తర్వాత గానీ నేను సరిగా చూడలేదు. అది ఎప్పుడూ దూసే ఉంటుంది. ఇన్నిసార్లు విసిగించిన బేతాళుడి మీద రాజు దాన్ని ఒక్కసారీ ప్రయోగించి పని ముగించడు. అంతటి బలశాలి, చేతిలో ఆయుధం ఉన్నవాడు, ప్రశ్నకు మాటతోనే బదులిస్తాడు. బలమున్నవాడు ప్రశ్నను ఎలా ఎదుర్కోవాలో ఆ బొమ్మ నెలనెలా చెబుతూనే ఉండేది. 1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ తీసిన విక్రమ్ ఔర్ బేతాళ్ ధారావాహికలో అరుణ్ గోవిల్ విక్రముడై వచ్చినా, తెలుగు పిల్లలకు అసలు విక్రమార్కుడు శంకర్ గీసినవాడే.

తెలియదు అన్న మాట

కత్తి ఎక్కడ పడుతుందో సోమదేవుడి ముగింపులో ఉంది. ఆఖరి ప్రశ్న ఇది. తండ్రీకొడుకులు అడవిలో రెండు జతల అడుగుజాడలు చూస్తారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు చేసుకోవాలని మాటనుకుంటారు. తీరా చూస్తే వాళ్లు తల్లీకూతుళ్లు, పెద్ద పాదాలు కూతురివి. మాట ప్రకారం తండ్రికి కూతురు, కొడుక్కి తల్లి భార్యలయ్యారు. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?

రాజు ఆలోచించాడు. తెలియలేదు. నోరు విప్పకుండా నడిచాడు. తల పగల్లేదు, ఎందుకంటే ఆ శాపం తెలిసీ చెప్పనివాడికే. మొదట పెట్టిన షరతులో ఈ తలుపు ఇన్ని కథలపాటు తెరిచే ఉంది. తెలివితో బయటపడలేని బోనులోంచి, తనకు తెలియదని నిజాయితీగా ఊరుకోవడం వల్ల బయటపడ్డాడు.

బేతాళుడు మెచ్చి, భిక్షువు కుట్ర విప్పుతాడు. సాష్టాంగపడమని చెప్పి, పడగానే నిన్ను బలివ్వాలని చూస్తున్నాడు, "నేను రాజును, సాష్టాంగం ఎలాగో తెలియదు, నువ్వు చేసి చూపు" అను అంటాడు. రాజు అలాగే అంటాడు. భిక్షువు నేలమీద పడగానే కత్తి దిగుతుంది. చూడండి, ఒకసారి నిజంగా తెలియక బతికాడు, ఇంకోసారి తెలియదని చెప్పి బతికాడు. కథంతా "తెలుసు" అనే మాట చుట్టూ తిప్పి, గెలుపును "తెలియదు" అనే మాట చేతిలో పెట్టాడు సోమదేవుడు. వరం కోరుకోమంటే రాజు కోరింది కూడా ఈ కథలు లోకంలో నిలిచిపోవాలనే. రాజ్యం కోసం చేసిన ప్రయాణం కాదు కదా, కథలు మిగిలితే చాలనుకున్నాడు.

మొన్న వేసవిలో మా అక్క మనవరాలికి మందారవతి కథ చెప్పాను. పాత అలవాటుగా ప్రశ్న దగ్గర ఆగి, "చెప్పవే, ఎవరికి భార్య కావాలి?" అన్నాను. బతికించినవాడికంటుందని నా ఎదురుచూపు. అది కాసేపు కాలి బొటనవేలితో నేల గీరి, "ఆ అమ్మాయి లేచి కూర్చుంది కదా తాతా. ఆమెనే అడగొచ్చుగా?" అంది.

ఇన్నేళ్లుగా ఆ కథ ఎంతమందికి చెప్పానో. ముగ్గురు మగవాళ్లు, ఒక బేతాళుడు, ఒక రాజు, నేను, ఎవరం ఆమెను అడగలేదు. పండు అందుకుని, బావుందనుకుని, కిటికీలోంచి భాండాగారంలోకి విసిరేస్తూ వచ్చాను. ఈ పిల్ల చేతికిస్తే కొరికి చూసింది.

జవాబు నాకు తెలిసిపోయింది. తెలిశాక చెప్పకపోతే తల పగులుతుంది. "అడగాల్సిందేనమ్మా" అన్నాను.